ఇటు తిరిగి చెప్పు

జనవరి 9, 1994, ఆదివారం

ఈ డైరీ ఏటా మిల్లులో ఆయనకి ఇస్తారు. ఏటా నేను దాన్ని చాకలి పద్దుకి వాడతాను. ఈసారి నాకోసమే ఉంచుకున్నాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాయొచ్చు.

ఈవేళ మా భిలాయి మహిళా మండలిలో శిక్షణ తరగతి. నాగపూర్ నుంచి ఒక మేడం వచ్చింది. ప్రతి మనిషిలోనూ ఒక బలం ఉంటుందనీ, అది తెలుసుకుని వాడుకోవాలనీ హిందీలో చెప్పింది. బాగా చెప్పింది. తరవాత ఒక్కొక్కరినీ లేచి తమ బలమేదో చెప్పమంది. ఒకావిడ ఆవకాయ అంది. పంజాబీ ఆవిడ ఒకతె తను బస్సు కండక్టరుతో వాదించి గెలవగలనంది. అందరూ చప్పట్లు కొట్టారు.

నా వంతు వచ్చింది, సింహాచలం అని పేరు పిలిచారు. లేచి, రోజూ పూజ చేసుకుంటానన్నాను. వెనక నుంచి "జోర్ సే, దీదీ" అన్నారు. మళ్ళీ అన్నాను. ఇంకా గట్టిగా అన్నారు. మా అధ్యక్షురాలు హైమవతి గారు నా భుజం మీద చెయ్యి వేసి, ఈమె గొంతు దేవుడికి తప్ప ఇంకెవరికీ వినపడదు అంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ చెడ్డగా ఏమీ అనలేదు.

విజయనగరంలో చదువుకునేటప్పుడు కూడా ఇంతే. హాజరు పలికితే టీచరుకి వినపడేది కాదు. బల్ల మీద కూర్చునే ఆబ్సెంటు వేయించుకున్నదాన్ని.

నాకేమీ లోటు లేదు. సింహాద్రప్పన్న దయవల్ల సంతోషంగానే ఉన్నాను. యాభై ఏళ్ళు వచ్చాక బలం ఎక్కడని వెతుక్కోవాలి?

జనవరి 10

పప్పు మాడింది. బలం సంగతి ఆలోచిస్తూ కూర్చున్నాను.

జనవరి 16, ఆదివారం

పక్క క్వార్టరు లూసీ కరివేపాకు కోసం వచ్చి, కోసుకోకుండా చెట్టు దగ్గరే నిలబడిపోయింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

వాళ్ళమ్మాయి జెన్నీకి మే నెలలో పెళ్ళి. తండ్రి చెయ్యి పట్టుకుని చర్చిలోకి తీసుకెళ్ళాలి. పాస్టరుగారు అందరి ముందూ అడిగిన మాటకి తండ్రి జవాబు చెప్పాలి. లూసీ భర్త పరంజ్యోతి గారు రానంటున్నారు. ఆయనా మా ఆయనా ఒకే మిల్లు. ఎర్రగా కాలిన ఇనప దిమ్మల్ని రేకులుగా సాగదీసే చోట, ఒకే షిఫ్టులో ఏళ్ళ తరబడి పనిచేశారు. పరంజ్యోతి గారు నిరుడు రిటైరయ్యారు. మా ఆయనకి ఇంకా రెండేళ్ళుంది.

నిశ్చితార్థం రోజున పెళ్ళికొడుకు తండ్రి మర్యాదకి ఏదో అడిగితే, పరంజ్యోతి గారు దానికి సంబంధం లేని జవాబు చెప్పారట. కుర్రాళ్ళు నవ్వారట. అప్పటినుంచి ఆయన గేటు దాటలేదు. ఆదివారం చర్చికి కూడా వెళ్ళడం లేదు. పిల్లని మేనమామ తీసుకెళ్తాడు, నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యకండి అంటున్నారు. జెన్నీ ఏమో, పాపా రాకపోతే నేను చర్చి మెట్లెక్కను అని కూర్చుంది.

మా వీధిలో అందరూ అరుచుకునే మాట్లాడుకుంటారు. మిల్లు నుంచి వచ్చిన మగవాళ్ళు అరుస్తారు, ఆడవాళ్ళు అంతకన్నా గట్టిగా అరుస్తారు. కూరల బండి అతను ఈ వీధిలో ఉప్పు అడిగినా తగువులాగే ఉంటుందని నవ్వుతాడు. లూసీ గొంతు వాళ్ళింటి నుంచి సెక్టర్ 7 మార్కెట్ దాకా వినిపిస్తుంది. ఆ లూసీ ఈవేళ మెల్లిగా అడిగింది.

"మా ఆయన చెవులూ మీ ఆయన చెవులూ ఒక్కచోటే పోయాయి గదా వదినగారూ. మీ ఇంట్లో ఎప్పుడూ ఒక్క అరుపు వినపడదు. మీరు ఎలా మాట్లాడతారు?"

మా ఆయన చెవులు బాగానే ఉన్నాయని చెప్పాను. ఎవరికీ వినపడని నా గొంతే ఆయనకి వినపడుతుంటే ఇంకేం కావాలి అన్నాను. లూసీ కరివేపాకు కోసుకుని వెళ్ళింది.

జనవరి 17

ఆయన చెవులు బాగానే ఉన్నాయి.

జనవరి 25

పొయ్యి దగ్గర నుంచి, పెరుగు వేసుకుంటారా అని అడిగాను. జవాబు లేదు. నేను పొయ్యి దగ్గర నిలబడి అడిగేవాటికి ఆయన ఎప్పుడూ జవాబు చెప్పరు. అది ఆయన పద్ధతి. వంటింటి సంగతులు మగవాళ్ళకెందుకని కాబోలు. ముందుగదిలోకి వెళ్ళి అడిగితే చక్కగా చెప్పారు.

ఫిబ్రవరి 2

సాయంత్రం కరెంటు పోయింది. మా అబ్బాయి సతీష్ పని సంగతి చెప్తున్నాను. వాడు హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మీద పనిచేస్తాడు. నేను సగం మాటలో ఉండగా ఆయన ఆపేశారు. "దీపం ఎట్టు. తరవాత సెప్పు" అన్నారు. ఎప్పుడూ అంతే. చీకట్లో మాట్లాడటం ఆయనకి పడదు. మిల్లులో ఆ వెలుగుకి అలవాటుపడ్డ కళ్ళు కదా అనుకునేదాన్ని.

దీపం తెచ్చి మధ్యలో పెట్టాను. ఆయన దాన్ని నా వైపు జరిపారు. ఎప్పుడూ నా వైపే జరుపుతారు.

లూసీ మాట గుర్తొచ్చింది. రాయకూడదనుకుంటూనే రాశాను.

ఫిబ్రవరి 11, శుక్రవారం

మిల్లువాళ్ళు ఆయనకి ఆసుపత్రిలో పరీక్షలు చేయించారు. సతీష్ తోడు వెళ్ళాడు. వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి నన్నడిగాడు.

"అమ్మా, డాక్టర్ సాబ్ పూఛే, కబ్ సే అని. నాన్న బోలా, చాలా సాల్ అయిందని. మనకి ఎందుకు తెలీలేదు?"

రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయట, ఎప్పటినుంచని డాక్టరు అడిగితే చాలా ఏళ్ళయిందని ఈయన చెప్పారట. మిల్లులో చెవులకి పెట్టుకోమని ఇచ్చినవి వీళ్ళంతా జేబులో వేసుకుని తిరిగేవాళ్ళట, మగతనం తగ్గుతుందన్నట్టు. ఇక మీదట ఆయనకి పని స్టోర్సులో. చెవికి మిషను ఇస్తారు, కొన్నాళ్ళు పడుతుంది.

నేను నమ్మలేదు. పరీక్ష మిషను తప్పయి ఉంటుందన్నాను. నా మాటలన్నీ వింటున్నారు కదా అని ఆయన్నే అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. తప్పుచేసిన పిల్లవాడిలా నవ్వారు.

"నీ మాట ఇనడం ఎప్పుడో మానీసేను సింహాచలం. సూస్తన్నాను."

నాకు ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. అర్థమయ్యాక గుర్తొచ్చింది వేరే.

మా అత్తగారు నేర్పిన అలవాటు, మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాను. కొన్నేళ్ళ క్రితం ఆయన ఒకరోజు, "కొంగు తియ్యి. మొకం సూపించి మాటాడు" అన్నారు. అప్పటినుంచి రోజుకి ఒక్కసారైనా అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను వంటింట్లోకి వెళ్ళి ఊరికే గిన్నెలు సర్దేదాన్ని. ఈ వయసులో ఇదేమిటని సిగ్గుపడేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే మాటా అది?

ఇప్పుడు తెలిసింది ఎందుకన్నారో.

ఫిబ్రవరి 12

ఆయన చూసింది నా మొహం కాదు, పెదాలు.

ఫిబ్రవరి 13

వంట చేయబుద్ధి కాలేదు. చేశాను. ఆయన ఏదో అడిగితే కొంగు అడ్డం పెట్టుకుని జవాబు చెప్పాను. రెండోసారి అడగలేదు. పళ్ళెం వైపు చూస్తూ తినేసి లేచారు. పాపం అనిపించింది. కొంచెమే.

ఫిబ్రవరి 14

కొంగు తీశాను. ఎంతసేపని.

ఫిబ్రవరి 20, ఆదివారం

ఈవేళ ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. మరి లూసీ అంత అరుస్తుంది, ఆమె మాట ఎందుకు తెలియదు? సతీష్ మాట ఎందుకు తెలియదు? ఆయన చాలాసేపు ఆలోచించి చెప్పారు. అంత ఆలోచించి ఆయన మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

అరిచే మనిషికి మొహం చెదిరిపోతుందట. నోరు తెరుచుకుని ఉండిపోతుంది, అందులో ఏ మాటా కనపడదు. సతీష్ సగం హిందీ, సగం తెలుగు, నడుస్తూ మాట్లాడతాడు. "నువ్వు మాట నమలవు. నా దిక్కు సూసి సెప్తావు. సెప్పీసి, ఆగుతావు. అలాగ ఆగీవోళ్ళు ఈ ఈదిలో ఇంకెవులూ నేరు" అన్నారు.

నేను ఆగేది భయంతో. నా మాట ఎదుటివాళ్ళకి వినపడిందో లేదోనని చిన్నప్పటినుంచీ వాళ్ళ మొహం చూస్తూ ఆగడం అలవాటు. టీచరు ఆబ్సెంటు వేసిందో లేదో చూడాలి కదా.

నాగపూర్ మేడంకి ఇది చెప్పి ఉంటే ఏమనేదో. అయినా, భయాన్ని బలమని ఎలా చెప్పుకోవడం.

పూజ దగ్గర కూర్చుంటే లూసీ మొహమే కనపడింది. రేపు వెళ్తాను.

ఫిబ్రవరి 21

వెళ్ళలేదు.

మార్చి 6, ఆదివారం

వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

లూసీకి సంగతంతా చెప్పాను. ఇద్దరం పరంజ్యోతి గారి ముందు కూర్చున్నాం. ఆయన బాగా చిక్కిపోయారు, గడ్డం పెరిగింది. తేలిగ్గా కనపడాలని నేను నోరు బాగా తెరిచి, పెదాలు సాగదీసి, అన్నయ్యగారూ ఎలా ఉన్నారు అని అడిగాను. లూసీ కూడా నన్ను చూసి అలాగే సాగదీసింది. ఆయన మా ఇద్దరినీ చూశారు. మొహం ఎర్రబడింది.

"చెల్లెమ్మా, నువ్వు కూడానా" అన్నారు. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నారు.

వెక్కిరిస్తున్నామనుకున్నారు. అనుకోరూ మరి, ఇద్దరు ఆడవాళ్ళు చేపల్లా నోళ్ళు తెరుస్తుంటే. లూసీ తలుపు బయట నిలబడి, అది కాదండీ అని అరిచింది. వీధంతా వినపడింది, ఆయనకి తప్ప.

ఇంటికొచ్చి ఏడ్చాను. బలం లేదు ఏమీ లేదు. అనవసరంగా పోయి, ఉన్న మర్యాద పోగొట్టుకున్నాను.

మార్చి 7

జెన్నీ గేటు దగ్గర కనపడింది. నమస్తే ఆంటీ అంది, అంతే.

మార్చి 13, ఆదివారం

ఆయనకి జరిగినదంతా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. లేచి చొక్కా వేసుకున్నారు. నన్నూ రమ్మన్నారు.

పరంజ్యోతి గారు వరండాలో ఉన్నారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. మా ఆయన గేటు బయటే ఆగి, చెయ్యి పైకెత్తి, పిడికిలి తిప్పి, బొటనవేలు కిందికి చూపించారు. నాకేమీ అర్థం కాలేదు. పరంజ్యోతి గారికి అర్థమైంది. ఆయన చెయ్యి దానంతట అదే లేచింది. రెండు వేళ్ళు ఊపి, అరచెయ్యి తెరిచారు. తరవాత నవ్వారు.

అది మిల్లు భాష. అక్కడి రొదలో ఎవరికీ ఏదీ వినపడదు. పైన క్రేను నడిపేవాడికి కిందినుంచి చేతులతో చెప్పాలి. పక్కనున్నవాడి మాట పెదాల మీద చూసి తెలుసుకోవాలి. ఇద్దరూ సర్వీసంతా అలాగే మాట్లాడుకున్నారు. అరగంటసేపు ఆ వరండాలో చేతులతో, పెదాలతో కబుర్లు చెప్పుకున్నారు. ఎవరో ఫోర్‌మన్ గురించి అనుకుంటాను, పరంజ్యోతి గారు పొట్ట పట్టుకుని నవ్వారు. లూసీ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

వచ్చేటప్పుడు నేను మామూలుగా, నా గొంతుతోనే, అన్నయ్యగారూ మొన్న తప్పయిపోయింది, మిమ్మల్ని వెక్కిరించలేదు అన్నాను. ఆగాను.

"తెలుసు చెల్లెమ్మా" అన్నారు. "ఇంట్లో నాకెవరూ మొహం ఇవ్వరు. అంతా నా వీపుకి అరుస్తారు."

చూడటం ఆయనకి ముందే వచ్చు. మిల్లులో నేర్చుకున్నారు. అది ఇంట్లో కూడా పనికొస్తుందని ఆయనకి తోచలేదు, ఇంట్లోవాళ్ళకి అసలే తెలియదు. నేర్చుకోవాల్సింది ఆయన కాదు, వీళ్ళు.

మార్చి 20

లూసీ రోజూ మధ్యాహ్నం వస్తోంది. కష్టం. నోట్లో ఎప్పుడూ సోపు గింజలు ఉంటాయి, ముందు అవి ఉమ్మేయించాను. వంట చేస్తూ, గిన్నె చూస్తూ మాట్లాడుతుంది. మాట పూర్తికాకముందే ఇంకో మాట ఎత్తుకుంటుంది. ఆగమంటే ఊపిరి బిగబట్టుకుని ఆగుతుంది. నీళ్ళలో మునిగినట్టుంది వదినగారూ అంటుంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఈవేళ ఇంటికెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుని, కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగిందట. ఎక్కువైంది, ఏడాదినుంచీ ఎక్కువే అవుతోంది అన్నారట.

మార్చి 28

జెన్నీతో వచ్చిన చిక్కు వేరు. పిల్ల భిలాయిలో పుట్టింది, తండ్రితో హిందీలోనే మాట్లాడుతుంది. చెవులు పనిచేసినన్నాళ్ళూ ఆయనకి ఇబ్బంది లేదు. ఇప్పుడు ఆయన కళ్ళకి హిందీ అంటే మిల్లు హిందీ ఒక్కటే తెలుసు, ఉఠావ్, గిరావ్, రుకో, అంటే ఎత్తు, దించు, ఆగు, అంతే. కూతురు పలికే హిందీ ఆయనకి కనపడదు. తెలుగైతే కనపడుతుంది.

"ఆంటీ, మేరీ తెలుగు తో బేకార్ హై. పాపా నవ్వుతాడు" అంది.

నీ తెలుగు పనికిరాకపోతేనేం, నవ్వనీ, నవ్వితే మంచిదే కదా అన్నాను. సాయంత్రాలు వస్తానంది. ఆయన్ని నాన్నా అని పిలవమన్నాను. పాపా అంటే పెదాలు రెండుసార్లు మూసుకుంటాయి, మామా అన్నా అంతే, తేడా కనపడదు. అద్దంలో చూసుకుని ఒప్పుకుంది.

ఏప్రిల్ 3

ఈస్టరు. లూసీ, జెన్నీ వెళ్ళారు. ఆయన వెళ్ళలేదు. గేటు దాకా వచ్చి నిలబడ్డారట.

ఏప్రిల్ 11

ఉగాది. పచ్చడి గిన్నెతో వెళ్ళేసరికి వరండాలో తండ్రీకూతుళ్ళు. జెన్నీ చిన్నపిల్లలా ఒక్కొక్క తెలుగు మాటా పేర్చుకుంటూ, తనకి ఎలాంటి ఇల్లు రాబోతోందో చెప్తోంది. ఆయన కన్ను ఆర్పకుండా కూతురి మొహం చూస్తున్నారు. నేను గేటు తీయకుండా వెనక్కి వచ్చేశాను. పచ్చడి తరవాత ఇచ్చాను.

ఏప్రిల్ 24, ఆదివారం

పరంజ్యోతి గారు ఈవేళ చర్చికి వెళ్ళారు. గడ్డం గీసుకున్నారు. వెనక బెంచీలో కూర్చుని వచ్చేశారట. ఎవరితోనూ మాట్లాడలేదట. అయినా వెళ్ళారు. పెళ్ళిలో పాస్టరుగారు అడిగే మాట లూసీ ముందే ఆయనకి చెప్పింది. పాస్టరుగారు కూడా ఒకసారి ఇంటికొచ్చి ఎదురుగా నిలబడి అడిగి చూపించారు. ఆయన మీసం చిన్నది, బాగానే కనపడుతోందట.

ఇంతచేసినా పెళ్ళిరోజు వస్తానని మాత్రం పరంజ్యోతి గారు అనలేదు. "చూద్దాం" అంటున్నారు.

మే 11

రేపే పెళ్ళి. అప్పన్న స్వామికి దీపం పెట్టి, వాళ్ళ ప్రభువుకి కూడా చెప్పమన్నాను.

మే 12, గురువారం

తల నొప్పిగా ఉంది, సంతోషం వల్లే. క్రమంగా రాస్తాను.

చర్చిలో ఆడవాళ్ళ వైపు రెండో వరుసలో కూర్చున్నాను. కొత్త చోటని కొంగు తలమీదుగా కప్పుకుని, నోటికి అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన మగవాళ్ళ వైపు.

పరంజ్యోతి గారు వచ్చారు. కోటు వేసుకున్నారు. జెన్నీ ఆయన చెయ్యి పట్టుకుంది. ముందు దాకా నడిచారు. అంతా సరిగ్గా జరిగింది. అప్పుడు పాస్టరుగారికి ఎవరో మైకు అందించారు. ఎవరూ అది ముందు అనుకోలేదు. ఆయన దాన్ని నోటికి ఆనించుకుని, పుస్తకంలోకి తల వంచి చదవడం మొదలుపెట్టారు. పెదాలు కనపడటం లేదు.

పరంజ్యోతి గారి మొహం చూశాను. నిశ్చితార్థం రోజున ఎలా ఉండి ఉంటుందో అలాగే ఉంది. పాస్టరుగారు మాట ఎప్పుడు అడుగుతారో, అడిగేశారో ఆయనకి తెలియదు. కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. కుర్రాళ్ళు కూర్చున్న వైపు వెళ్ళి ఆగాయి. జెన్నీ ముసుగులో ఉంది, తను చెప్పినా ఆయనకి కనపడదు. లూసీ ఇంకో పక్క ఏడుస్తోంది, ఆ మొహంలో ఏం కనపడుతుంది.

నేను లేచి నిలబడ్డాను. ఎలా లేచానో తెలియదు. కొంగు తీసేశాను. ఆయన కళ్ళు నా మీద పడేదాకా ఆగాను. నాకు ఆగడం అలవాటే.

పాస్టరుగారు మైకులో అడిగారు. నేను గొంతు లేకుండా, పెదాలతో, అదే మాట అన్నాను.

ఈ అమ్మాయిని ఎవరు ఇస్తున్నారు?

ఆగాను.

"నేనే ఇస్తున్నాను. ఆమె తండ్రిని" అన్నారు పరంజ్యోతి గారు. చెవులు వినపడని మనిషి కదా, ఎంత గట్టిగా అంటున్నారో ఆయనకి తెలియదు. పైకప్పు అదిరింది. వెనకెక్కడో ఒక పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. జనం నవ్వారు. ఆయన ఆ నవ్వు చూశారు. తనూ నవ్వారు.

కూర్చోవాలని గుర్తొచ్చేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. హైమవతి గారు కూడా అక్కడే ఉంది. కొంగు మళ్ళీ కప్పుకున్నాను.

మే 15

హైమవతి గారు ఇంటికొచ్చింది. మిల్లువాళ్ళ ఆడవాళ్ళందరినీ పిలుస్తానంది, లూసీకి నేర్పినట్టు నేర్పాలట. సరేనన్నాను. మైకు మాత్రం పెట్టొద్దన్నాను. వినపడకపోతే దగ్గరికొచ్చి చూడమనండి అన్నాను. ఆవిడ నవ్వలేదు. తలూపింది.

మే 22, ఆదివారం

జెన్నీ భర్తతో వచ్చింది. గేటు దగ్గర్నుంచే "నాన్నా" అంది, అరవకుండా, ఆయన తిరిగి చూసేదాకా ఆగి.

మే 29, ఆదివారం

ఆయన చెవికి మిషను ఇచ్చారు. రోజంతా గోలగా ఉందన్నారు. ఫ్యాను మిల్లులా మోగుతోందట. పిచ్చుకలు ఇంకా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. ఎప్పుడూ ఉన్నాయి.

ఇక పొయ్యి దగ్గర నుంచి అడగొచ్చు, దీపం జరపక్కర్లేదు, కొంగు సంగతి ఎవరూ అడగరు. మంచిదే. నిజంగా మంచిదే. దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

సాయంత్రం వంటింట్లో కూర తిప్పుతూ, వెనక్కి తిరక్కుండానే, పెరుగు వేసుకుంటారా అని అడిగాను. జవాబు లేదు. మిషను తీసేశారేమో అనుకున్నాను. అడుగుల చప్పుడైంది. వచ్చి వంటింటి లైటు వేశారు. నా భుజం పట్టుకుని మెల్లిగా తిప్పారు.

"ఇటు తిరిగి సెప్పు."

"మిషను ఉంది కదా, వినపడలేదా?"

"ఇనపడింది" అన్నారు.

కూర అడుగంటింది. మళ్ళీ చెప్పాను, ఆయన వైపు తిరిగి.